ముప్పై ఆరు నంబరు గోలీ

ఏడుకు ఏడు గోలీలూ అడుగున పడి ఉన్నాయి. గడప దగ్గర చెప్పులు విడుస్తూ పౌలు ముందు చూసింది వాటినే, మనుషుల్ని ఆ తర్వాతే చూశాడు, అలవాటు అలాంటిది, పదేళ్ళుగా ఈ ఇంటికి ఎప్పుడొచ్చినా సొంత బిడ్డను అత్తవారింట్లో చూసుకోవడానికి వచ్చినవాడిలా ముందు దాని ఒళ్ళు చూస్తాడు, గాజు మీద గీత పడిందా, నూనె తగ్గిందా, మూత దగ్గర మబ్బు కమ్మిందా అని. మూరెడు పొడవు గాజు గొట్టం, నిండా నీళ్ళలా కనిపించే నూనె, అందులో ఉసిరికాయలంతేసి రంగురంగుల గాజు బుడగలు, ఒక్కోదాని మెడలో ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద ఒక అంకె. చలికాలం పొద్దున అన్నీ పైన గుంపుగా తేలుతుంటాయి, ఎండ ముదిరేకొద్దీ తక్కువ అంకె నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే కిందికి దిగుతాయి, తేలుతున్నవాటిలో అన్నిటికంటే కింద ఉన్నదాని మెడలో ఏ అంకె ఉంటే గదిలో వేడి ఇంచుమించు అంత. ఆఖరి గోలీ ఎర్రది, దాని అంకె ముప్పై ఆరు. అదీ మునిగిందంటే ఇక కొలవడానికి ఏమీ మిగల్లేదని. మే నెల మధ్యాహ్నం, పడమటి ఎండ కొట్టే ఇల్లు, పైన ఉత్త స్లాబు, కరెంటు లేదు, మునగక ఏం చేస్తుంది. ఇలాంటి రోజు ఈ ఇంటాయన త్రినాథరావు ఫోన్ చేసి నవ్వేవాడు, "ఇవాళ బంద్ పౌలన్నా, ఒక్కటీ పనిలోకి రాలేదు" అని. ఇవాళ ఫోన్ చేసింది పౌలే, నవ్వు లేకుండానే.

"ఎవలు? పౌలా? ఎండలో పడి ఒచ్చినావేటి నాయనా. కూకో, సల్ల తెస్తాను," అంది వెంకాయమ్మ, మంచం మీద నుంచి కాళ్ళు దించి చెప్పులకోసం నేల తడుముతూ. త్రినాథరావు తల్లి, ఎనభై దాటిన మనిషి, రెండు కళ్ళకూ పొర కమ్మింది, అయినా అడుగుల చప్పుడు బట్టి ఎవరొచ్చారో చెప్పేస్తుంది. "త్రినాథు ఇప్పుడే అలా వనస్థలిపురం ఎల్లాడు. ఒచ్చేస్తాడు."

"పన్నెండింటికి రమ్మన్నడమ్మా. ఫోన్ల తనే చెప్పిండు."

"అవును, సెప్పాడు. ఒచ్చేస్తాడు. గదికి తాళమేసుకుని మరీ ఎల్లాడు," అంది, అడగని దానికి కూడా జవాబు కలిపి. కోడలు కుసుమకుమారి మనవరాలిని తీసుకుని విజయనగరం వెళ్ళిందనీ, ఇంట్లో తనొక్కతే ఉన్నాననీ, ఈ కరెంటోళ్ళ దుంపతెగ పదకొండింటికి తీసేసి ఒంటిగంట దాకా ఇవ్వట్లేదనీ చెప్పుకుంటూ వంటింట్లోకి నడిచింది. పౌలు సోఫాలో కూర్చోలేదు, చెమట అంటుకుంటుందని, గది తలుపు పక్కన గోడకు ఆనించి ఉన్న పీట లాక్కుని దాని మీద కూర్చున్నాడు, పక్కనే పొట్టి స్టూలు మీద గాజు గొట్టం. షోకేసు అరలో దాని ఎత్తు పట్టక గృహప్రవేశం నాడే స్టూలు ఎక్కింది, పదేళ్ళలో దిగలేదు. ఆ మూసిన తలుపు వెనకే త్రినాథరావు గది. వేడంటే గిట్టని మనిషి, ఊపిరాడదంటాడు, ఇద్దరూ పనిచేసే సర్కారు లాబ్ వర్క్‌షాపులో కూడా బర్నర్ వెలిగిస్తే చాలు ఏదో పని గుర్తొచ్చి వరండాలోకి పోయేవాడు. రెండేళ్ళ కింద ఎవరో వాడి అమ్మిన కిటికీ ఏసీ కొని ఆ గదిలో పెట్టించుకున్నాడు, బిగించిన రోజు పౌలు నిచ్చెన పట్టుకున్నాడు. అంతా బాగానే ఉంది గానీ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మనిషి లేచి బొత్తాం నొక్కితే తప్ప అది కదలదని నెల రోజులు సణిగాడు. లైటు వేసి గది దాటితే పాపమన్నంత పొదుపు, అందుకని వేరేది కొనడు, దాన్నే తిట్టుకుంటూ నొక్కుకుంటాడు.

చొక్కా జేబులో రెండు కాగితాలున్నాయి, ఒకటి పాతది, ఒకటి కొత్తది, కొత్తదాని మీద ఇంకా సంతకం లేదు. చెమటకు తడుస్తాయేమోనని పౌలు వాటిని తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. పొద్దున తొమ్మిదింటికి గడ్డిఅన్నారంలో, మార్కెట్ వెనక తన ఇంట్లో, మామిడిపండ్ల వాసన కిటికీలోంచి మనిషిలా లోపలికొచ్చి కూర్చునే ఆ ఇంట్లో, పోస్టువాడు పెద్ద కవరు ఇచ్చి వెళ్ళాడు. కూతురు జాస్మిన్ సమాచార హక్కు కింద అడిగిన జిరాక్సులు. లాబ్ అసిస్టెంటు పోస్టు, సర్కారు కాలేజీలో, రాత పరీక్ష, మార్కుల జాబితా, లోకల్ కోటాలో చివరి పేరు స్పందన, త్రినాథరావు కూతురు, దాని కిందే వెయిటింగులో మొదటి పేరు జాస్మిన్. ఆ అమ్మాయి లోకల్ ఎట్లయిందో చూద్దామని అడిగింది పిల్ల, ఎవరి మీదా కోపంతో కాదు, ఉన్నది ఉన్నట్టు తెలిస్తే చాలనే రకం. నాలుగో కాగితం తిరగేసి అట్లాగే చూస్తూ ఉండిపోయింది. పౌలు గడ్డం గీసుకుంటున్నాడు. అరిచి ఉంటే బాగుండేది, కవరు విసిరికొట్టి ఉంటే బాగుండేది, అదేమీ చేయలేదు, సబ్బు నురుగుతో ఉన్న అతని ముఖం ముందుకు కాగితం తెచ్చి పట్టుకుంది.

"డాడీ, గిది నీ సంతకమేనా?"

అతనిదే. 'లు' కొమ్ము చివర ఉడుత తోకలా పైకి తిప్పడం చిన్నప్పటి నుంచి అతని అలవాటు, ఆ తోక చూసి పసిపిల్ల కూడా గుర్తుపడుతుంది, భార్య ఎలీశమ్మ రేషన్ కార్డు మీద దాన్ని చూసి నవ్వేది. "సదరు కుమారి స్పందన ఏడవ తరగతి చదువు సంవత్సరమంతా మా పక్క పోర్షన్‌లో నివసిస్తూ ఇంటి వద్దనే చదువుకున్నదని నాకు స్వయముగా తెలియును." స్వయముగా తెలియును. అతనికి స్వయంగా తెలిసినది వేరే, ఆ ఏడాది ఆ పిల్ల విజయనగరం పక్క పల్లెలో ఈ వెంకాయమ్మ దగ్గర ఉంది, ఎనిమిదో తరగతికి గాని పట్నం రాలేదు. నాలుగు నుంచి పది దాకా ఏడేళ్ళలో నాలుగేళ్ళు ఇక్కడ ఉంటే లోకల్, ఆ పిల్లకున్నది మూడు. ఒక్క ఏడాది తక్కువ. ఎనిమిదేళ్ళ కింద, పదో తరగతి పాసయిన నెలలో, త్రినాథరావు ఈ కాగితం పట్టుకొచ్చాడు, ఇప్పటిలాంటి ఎండే, ఇద్దరూ ఒకే కాంపౌండులో కిరాయికున్న రోజుల నుంచి వచ్చిన చనువుతో నేరుగా వంటింట్లోకొచ్చి కుండలో నీళ్ళు ముంచుకు తాగి, అప్పుడు చెప్పాడు. "కాలేజీ సీటు వరకే పౌలన్నా. ఉద్యోగాల దగ్గర దీన్ని బయటికి తియ్యను. నీ పిల్లకి అడ్డొచ్చే పని చేస్తే నన్ను మనిషి కింద జమకట్టకు." ఆ మాట అడిగి చెప్పించుకున్నది కాదు, తనే అన్నాడు. పౌలేమో పెన్ను మూత తీస్తూ పెద్ద దొరలాగా నవ్వి, "నువ్వు లోకల్ గాకుంటే ఇంకెవడు లోకల్ రావ్‌సాబ్" అన్నాడు. ఆ నవ్వు గుర్తొచ్చి ఇప్పుడు ఒళ్ళు మండిపోయింది. తోక కూడా మామూలు కంటే పొడుగ్గా తిప్పాడు ఆ రోజు.

వెంకాయమ్మ చల్ల తెచ్చిచ్చింది, ఉప్పు ఎక్కువైంది. మంచం మీదికి తిరిగి వెళ్ళి తాటాకు విసనకర్ర అందుకుని తనకు తాను కాకుండా ఇతని వైపు విసరడం మొదలుపెట్టింది, అంత దూరం నుంచి గాలి ఎక్కడ తగులుతుంది, అయినా విసురుతోంది. ఎల్బీనగర్ చౌరస్తా వైపు నుంచి మైకు మాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి, దీక్షా శిబిరం, బోర్డు మీద రోజుల లెక్క ఐదొందలు దాటింది, వచ్చేటప్పుడు ఆటోలోంచి చూశాడు, గులాబీ కండువాలేసుకుని పదిమంది కూర్చున్నారు, ఎవరో మా కొలువులు మాకే అంటున్నారు. అతని చెవులకు సగం మాటలే అందుతాయి, ముప్పై ఏళ్ళు బర్నర్ హోరు పక్కన కూర్చుంటే ఎవరికైనా అంతే, సన్నటి చప్పుళ్ళు ముందు పోతాయి, పిట్టల కూతలు, ఫ్యాను రెక్కల మూలుగు, భార్య గొణుగుడు. గొణుగుడు పోవడం దేవుడు చేసిన మేలని సెక్షన్లో నవ్వుకునేవాళ్ళు. ఊదుడు పౌలు, రాకుడు రావు, అవీ వాళ్ళిద్దరి పేర్లు ఆ సర్కారు లాబ్‌లో. ఇతను గాజు ఊదేవాడు, అతను ఇత్తడి రాకేవాడు.

ఎవరో పెద్ద సారు విదేశం నుంచి తెచ్చుకున్న గొట్టాన్ని చూసి పుట్టిన పిచ్చి అది. త్రినాథరావు సొంతిల్లు కడుతున్నాడు, గృహప్రవేశానికి అందరిలా గోడ గడియారం ఏమిస్తావు, ఇది చేసిద్దాం అనుకున్నాడు పౌలు. మొదట నీళ్ళతో చేసి నవ్వులపాలయ్యారు, నీళ్ళకు వేడెక్కడం తెలుసు గాని ఒళ్ళు వదులు చేయడం తెలియదు, గోలీ కదలదు. తర్వాత వాసన లేని నూనె. బుడగలు ఊదడం ఒక నెల, మంటలో తిప్పి తిప్పి బుగ్గలు సొట్టలు పడేదాకా ఊది, రంగు నీళ్ళు పోసి, మెడ కాల్చి మూసేసరికి పదింట్లో ఏడు పగిలేవి. అయితే అసలు పని ఆ తర్వాతే, అది త్రినాథరావుది. ముప్పై రెండు డిగ్రీల నూనెలో ముప్పై రెండు గోలీ అటు మునగకూడదు, ఇటు తేలకూడదు, ఉయ్యాలలో పిల్లలా నడుమ నిలబడాలి. మునుగుతోందంటే మెడలో బిళ్ళ బరువెక్కువ, తీసి ఆకురాయితో ఒక్క రవ్వ రాకి మళ్ళీ వెయ్యాలి, రెండు రవ్వలు రాకావో ఆ బిళ్ళ పనికిరాదు, మళ్ళీ కొత్తది కోసుకోవాల్సిందే. ఆదివారాలు చర్చి అయిపోగానే పౌలు లాబ్‌కు పోయేవాడు, త్రినాథరావు అప్పటికే వచ్చి వేలి మీద ఇత్తడి పొడి ఊదుకుంటూ ఉండేవాడు. ఒక్క రవ్వకు ప్రాణం పెట్టిన మనుషులు. ముప్పై నాలుగు బిళ్ళ ఎక్కువ రాకాడని ఇద్దరూ రెండు రోజులు మాట్లాడుకోలేదు. అంత పట్టింపు ఉన్నవాళ్ళు, ఇద్దరిలో ఒకడికైనా, ఏడాది కాలం అబద్ధం రాస్తున్నామే అని చెయ్యి ఆగలేదు. రవ్వ కాదు, మూడొందల అరవై అయిదు రోజులు.

గృహప్రవేశం నాడు పాలు పొంగించాక పిల్లలిద్దరూ గొట్టం ముందు చతికిలబడ్డారు, జాస్మిన్‌కూ స్పందనకూ ఒక్క నెల తేడా, ఇద్దరికీ పదమూడు. స్పందన పల్లె నుంచి వచ్చి అప్పటికి ఏడాది కాలేదు, నోరు తెరిస్తే బడిలో నవ్వుతారని మాట్లాడేది కాదు, జాస్మిన్ చెయ్యి పట్టుకునే తిరిగేది. ఎర్రది నాది అంది జాస్మిన్. పచ్చది నాది అంది స్పందన. ఎర్ర గోలీ ముప్పై ఆరు, పచ్చ గోలీ ముప్పై నాలుగు, ఎండాకాలం పచ్చది ముందు మునిగి ఎర్రది ఒక్కటే పైన మిగిలితే జాస్మిన్ గంతులేసేది, అప్పుడు త్రినాథరావు మనసు నొచ్చుకున్న పిల్లను ఒళ్ళోకి తీసుకుని, "చల్లబడనీ తల్లీ, రెండూ పైకొస్తాయి, ముందు అది, వెనక నువ్వు" అనేవాడు. తర్వాత్తర్వాత పెద్దవాళ్ళూ ఆ పేర్లే వాడారు. జాస్మిన్ లేచిందా, స్పందన పడుకుందా అని ఫోన్లో అడుగుతుంటే వినేవాళ్ళకు పిల్లల సంగతో వాతావరణం సంగతో అర్థమయ్యేది కాదు.

ఫ్యాను తిరిగింది. కరెంటు వచ్చింది. గోడ గడియారం పన్నెండూ ఇరవై చూపిస్తోంది, ఇరవై నిమిషాలేనా అయింది, పూట గడిచినట్టుంది. "ఒచ్చిందా, అమ్మయ్య," అంది వెంకాయమ్మ, విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని, మూసిన గది వైపు ఒకసారి ముఖం తిప్పి మళ్ళీ ఇటు తిప్పుకుంది. "ఆ గుంట ఎలా ఉంది? జాస్మిన్? మొన్న ఈస్టరుకు కేకు అట్టుకొచ్చింది, తన సేత్తోనే నా నోట్లో ఎట్టింది."

"మంచిగనే ఉందమ్మా."

మంచిగనే ఉంది. కాగితం అతని ముఖం ముందు నుంచి తీసుకుని, మడతపెట్టి, కవరులో పెట్టి, బల్ల మీద ఉంచి, రోజూ ట్యూషను చెప్పే పిల్లల ఇంటికి వెళ్ళిపోయింది. ఇడ్లీ తినకుండా పోలేదు, రెండు తిని మరీ పోయింది, గిన్నె కూడా కడిగి బోర్లించింది. దానికి తిట్టడం తెలియదని కాదు, తండ్రిని ఏమని తిట్టాలో దానికి వెంటనే దొరకలేదు, సాయంత్రానికి దొరుకుతుంది. సోమవారంతో అభ్యంతరాల గడువు అయిపోతుంది. జేబులో కొత్త కాగితం అందుకే. "నేను ఎనిమిదేళ్ళ క్రితం ఇచ్చిన సాక్ష్యము నిజము కాదు." తనే రాశాడు, జాస్మిన్ వెళ్ళాక, మూడు తెల్లకాగితాలు పాడుచేసి. దాని మీద సంతకం పెడితే పిల్లకు న్యాయం, తనకు ఏమవుతుందో తెలియదు, అబద్ధపు సాక్ష్యమిచ్చినవాడికి వచ్చే నెల రిటైరయ్యేటప్పుడు పెన్షను కాగితాలు కదులుతాయో కదలవో, చర్చిలో పెద్దగా కూర్చోనిస్తారో లేదో. అదంతా ఒక ఎత్తు, స్పందన సంగతి ఒక ఎత్తు, ఉద్యోగం పోవడంతో ఆగుతుందా, పిల్ల మీద కేసవుతుందా. అందుకే ముందు ఒక్కమాట అడుగుదామని వచ్చాడు. నువ్వే వాపసు తీసుకో త్రినాథూ, పిల్లతో వద్దని రాయించు, ఎవరి పరువూ పోదు. ఒక్కమాట. అది అడగడానికి ఇంత ఎండలో, దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచి, షేరాటోలో ఒక మనిషి తొడ మీద సగం కూర్చుని వచ్చాడు.

ఒస్తడు. ఎందుకు రాడు. తనకు తెలిసిన త్రినాథు రాకుండా ఉండడు. డెంగ్యూతో ఉస్మానియా దవాఖానలో పడుకున్నప్పుడు పదకొండు రోజులు స్టీలు డబ్బాలో అన్నం మోసుకొచ్చింది ఎవడు, ఈ త్రినాథే గదా. మొన్న మార్చిలో ట్యాంక్‌బండ్ మీద గొడవైన మర్నాడు ఈ వీధిలోకి జెండాలు పట్టుకుని కుర్రాళ్ళ గుంపు వచ్చి ఏ ఇల్లు ఎవరిదని అడుగుతుంటే, అదృష్టం కొద్దీ పౌలు అప్పుడు ఇక్కడే ఉన్నాడు, గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. "ఏంది లొల్లి. గీ ఇల్లు మనోళ్ళదే. ఈయన మనోడే, నేను చెప్తున్న గద" అన్నాడు. పౌలు యాస విని, అతని నెరసిన జుట్టు చూసి, వాళ్ళు దండం పెట్టి వెళ్ళిపోయారు. త్రినాథరావు తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాడు, గేటు దాకా రాలేదు. వాళ్ళు పోయాక వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు, చేతులు చల్లగా ఉన్నాయి. ఆ రోజుకు దరఖాస్తు వేసి పన్నెండు రోజులయింది.

పన్నెండు రోజులు. పొద్దున జిరాక్సు మీద తేదీ చూశాక లెక్క కట్టాడు పౌలు. అంటే ఫిబ్రవరి చివర, జాస్మిన్ దరఖాస్తు నింపడానికి త్రినాథరావు ఇంటికొచ్చిన వారమే. తనే వచ్చాడు పిలవకుండా. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, "చూడు తల్లీ, ఇక్కడ పెద్ద అక్షరాలు రాయాలి, ఇక్కడ ఫొటో మీద సంతకం పడాలి" అని ఒక్కో గడీ వేలు పెట్టి చూపించాడు, పాత ప్రశ్నపత్రాలు తెచ్చిచ్చాడు, మా స్పందనకు ఈ సర్కారు నౌకరీల మీద మనసు లేదన్నా, సాఫ్ట్‌వేర్ అంటోంది అన్నాడు, ఎలీశమ్మ వేసిన ఉల్లిగారెలు నాలుగు తిన్నాడు. నాలుగూ లెక్కపెట్టి తిన్నాడు, ఇంకోటి వెయ్యబోతే వద్దు ఒంటికి వేడి అన్నాడు. అదే చేత్తో ఇంటికొచ్చి కూతురి దరఖాస్తుకు ఈ కాగితం గుండుసూదితో గుచ్చాడు. తడిగుడ్డతో గొంతు కొయ్యడమని వినడమే గాని, కోస్తున్నప్పుడు ఆ చల్లదనం ఇంత హాయిగా ఉంటుందని పౌలుకు తెలియదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయని పౌలు తల్లి అనేది, ఊళ్ళో, విత్తనాలప్పుడు. వీణ్ణి యూదా అనుకుందామని పొద్దున్నుంచి చూస్తున్నాడు, కుదరడం లేదు, యూదా ఇస్కరియోతు ముద్దుపెట్టుకునేముందు పక్కన కూర్చుని కాగితం మీద సాక్షి సంతకం చేసినవాడు బైబిల్లో లేడు. అక్కడే వస్తోంది చిక్కు. మోసపోయినవాడికి ఏడ్చే హక్కన్నా ఉంటుంది, అది కూడా సగమే మిగిల్చాడు త్రినాథు.

ఒంటిగంటకు అయిదు నిమిషాలు. వెంకాయమ్మ కునికిపాట్లు పడుతోందో, పడుతున్నట్టుందో. పౌలు తల వంచి కూర్చున్నాడు, చూపు గాజు గొట్టం మీద ఉంది గాని చూడటం లేదు, అడిగే మాట ఎట్లా మొదలుపెట్టాలో కూర్చుకుంటున్నాడు, రావ్‌సాబ్ అని మొదలుపెట్టాలా, త్రినాథూ అనాలా, అసలు పేరే పెట్టకుండా కాగితం ముందుంచాలా. ఎర్ర గోలీ కదిలింది. చూపు తేడా అనుకున్నాడు. మళ్ళీ కదిలింది, అడుగున మిగతావాటి మధ్య ఇరుక్కున్నది ఒళ్ళు విదిలించుకున్నట్టు పక్కకు తప్పుకుని, వేలెడు పైకి లేచి, నిలబడింది. ఉయ్యాల. సరిగ్గా ముప్పై ఆరు దగ్గర ఎట్లా నిలబడాలని ఇద్దరూ నెలలపాటు కొట్టుకున్నారో అట్లా నిలబడింది. పౌలుకు మొదట పనివాడి సంబరమే కలిగింది, పదేళ్ళయినా రవ్వ తేడా రాలేదని. ఆ తర్వాత ఆలోచన వచ్చింది. ఎందుకు లేచింది? బయట మధ్యాహ్నం ఒంటిగంట, ఎండ తగ్గలేదు, ఇంకా ఎక్కుతోంది. ఫ్యానా? ఫ్యాను మనిషి చెమటను ఆరబెడుతుంది గాని గాజును చల్లబరచదు, అది అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. గోలీ ఇంకో జానెడు లేచింది. మెడలో బిళ్ళ అటూ ఇటూ ఊగుతూ, ముప్పై ఆరు, త్రినాథరావు చెక్కిన అంకె, ఆరు కడుపు కొంచెం లావు.

పౌలు కాలు కదిపాడు. బొటనవేలు చల్లగా తగిలింది నేల. తలుపు కింద రెండు వేళ్ళ సందు ఉంది, ఆ సందులోంచి చల్లగాలి నేల పట్టుకుని పాకుతూ వచ్చి, పొట్టి స్టూలు కాళ్ళు చుట్టుకుని, గొట్టం అడుగును తడుముతోంది. అరగంటగా పాకుతోందన్నమాట, కరెంటు వచ్చినప్పటి నుంచి. అతను తలుపు గడియ వైపు చూశాడు, వచ్చినప్పుడు కూడా చూశాడు గాని చూడలేదు, బయట తాళం లేదు. కరెంటు వచ్చాక మనిషి లేచి బొత్తాం నొక్కితే తప్ప ఆ ఏసీ తిరగదు. ఏసీ చప్పుడు అతని చెవులకు అందకపోవచ్చు, అది త్రినాథరావుకు తెలుసు, ముప్పై ఏళ్ళు పక్కన కూర్చున్న మనిషికి ఏ చప్పుడు వినబడుతుందో ఏది వినబడదో బాగా తెలుసు. అంత లెక్క వేసుకున్నవాడు ఒక్క ఈ గొట్టం సంగతి మరిచిపోయాడు, వేడికి తాళలేక మరిచిపోయాడు. కోపం రాలేదు పౌలుకు. కాగితం గుచ్చిన రోజు మోసం చేశాడంటే ఆశపడ్డాడనుకోవచ్చు, ఆడపిల్ల తండ్రి, మనిషన్నాక ఆశపడతాడు. గంటసేపటి నుంచి చెక్క తలుపుకు అవతల, నాలుగడుగుల దూరంలో, చల్లగా కూర్చుని, ఇవతల ఇతని ఎదురుచూపును వింటున్నాడు. గుడ్డి తల్లితో అబద్ధం చెప్పించి మరీ వింటున్నాడు. దీనికి ఏ ఆశ పేరు పెట్టాలో పౌలుకు దొరకలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెమటతో కలిపి తుడుచుకున్నాడు.

జేబులోంచి కొత్త కాగితం తీసి స్టూలు మీద, గొట్టం పక్కన మిగిలిన జానెడు జాగాలో పరిచాడు. పెన్ను మూత తీశాడు. కె. పౌలు అని రాసి, 'లు' కొమ్ము దగ్గర చెయ్యి అలవాటు కొద్దీ తిరగబోయింది, తిరగనిచ్చాడు, తోక లేకపోతే అది అతనిది కాదంటారు. సిరా ఆరేదాకా నోటితో ఊదాడు, ముప్పై ఏళ్ళు ఊదిన ఊపిరి, చివరికి ఈ పనికొచ్చింది. ఎర్ర గోలీ నూనె పైమట్టం దాకా పోయి ఒంటరిగా తేలుతోంది. దాని కింద అడుగున పచ్చది కొంచెం అటూ ఇటూ దొర్లుతోంది, ఇంకా లేవలేదు. ఆ పిల్ల మీద కోపమేమీ లేదు, దాని చెయ్యి పట్టుకుని తిప్పింది తన పిల్లే కదా, దాని సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటోంది, అయినా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"లేచినావేటి నాయనా? ఇంకాసేపు ఉండు, ఒచ్చేస్తాడు," అంది వెంకాయమ్మ. కునికిపాట్లు లేవు ఆ గొంతులో.

"పోతానమ్మా. రావ్‌సాబ్‌కు ఒక్క మాట చెప్పుండ్రి. జాస్మిన్ లేసిందని చెప్పుండ్రి."

ఆమె ఒళ్ళోని విసనకర్ర తీసి పక్కన పెట్టింది. మెల్లగా మంచం దిగి, గోడ పట్టుకుని నడిచి వచ్చి, రోజూ పొద్దున తడిమి చూసుకునే ఆ గొట్టాన్ని అరచేత్తో తాకింది. పైన తాకింది, కింద తాకింది. కింద తాకిన చెయ్యి అక్కడే ఉంచేసింది.

"ఇంట్లో ఎవలూ లేరు కద నాయనా," అంది చివరికి, ఎవరికో నేర్చుకున్న పాఠం అప్పగిస్తున్నట్టు, గొంతు తగ్గించి.

"ఔనమ్మా. ఒచ్చినంకనే చెప్పుండ్రి. తల్పు సందుల నుంచి చెప్పినా ఇనబడ్తది."

ఆమె తల వంచుకుంది. పౌలు కదలబోతూ ఒక్క క్షణం ఆగాడు, పాదాలు ఆ తలుపు దగ్గరే ఉన్నాయి. వేళ్ళకు తగులుతున్న చల్లగాలి ఆగిపోయింది, లోపల మళ్ళీ బొత్తాం నొక్కాడన్నమాట. తలుపు తెరుచుకుంటుందేమోనని, నిజం చెప్పాలంటే, అప్పుడు కూడా చూశాడు. తెరుచుకోలేదు. చెప్పులు తొడుక్కుని ఎండలోకి దిగాడు, గేటు వేశాడు, మార్చిలో ఎక్కడ నిలబడి మనోడే అన్నాడో అక్కడే గడియ బిగించాడు. మైకులో ఎవరో ఇంకా మాట్లాడుతున్నారు. ఆ గోలీ మళ్ళీ మునగడానికి కనీసం అరగంట పడుతుంది, ఆలోపు అతను ఎల్బీనగర్ చౌరస్తాలో జిరాక్సు షాపు చేరుకుంటాడు.